120 క్రెడిట్లంటే ఎంత చదువు?



ఈ అంకెలు మీరు ఇప్పటికే బట్టీ పట్టి ఉంటారు. డిగ్రీలో మొదటి ఏడాది తర్వాత బయటికొస్తే సర్టిఫికెట్, 40 క్రెడిట్లు. రెండేళ్లకు డిప్లొమా, 80. మూడేళ్లకు డిగ్రీ, 120. నాలుగేళ్లకు ఆనర్స్, 160. జాతీయ విద్యా విధానం 2020 చాప్టర్లో పట్టిక గీసి, కింద 'మల్టిపుల్ ఎంట్రీ, మల్టిపుల్ ఎగ్జిట్' అని రాసి, రంగు పెన్నుతో గీత కొట్టి తర్వాతి టాపిక్‌కి వెళ్లిపోతాం. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది కూడా.

కానీ మెయిన్స్‌లో జీఎస్ పేపర్ 2 రాసేవాళ్లు, రేపు ఫైలు మీద సంతకం పెట్టబోయేవాళ్లు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అసలు ఒక క్రెడిట్ అంటే ఏమిటి? మార్కుల మెమోలో సబ్జెక్టు పేరు పక్కన ఒక కోడు, దాని పక్కన 4 అనో 5 అనో ఒక అంకె ఉంటాయి. ఆ కోడులోని అంకెలు ఏం చెబుతున్నాయి? ఆ 4 దేనిలో 4? మూడేళ్లు కాలేజీకి తిరిగిన విద్యార్థుల్లో చాలామందికి ఈ మాట చెప్పినవాళ్లే లేరు. ఇండక్షన్ రోజున యూనిఫాం గురించి, హాజరు శాతం గురించి, స్కాలర్‌షిప్ దరఖాస్తు గురించి చెబుతారు. తాము మూడేళ్లు కూడబెట్టబోయేది ఏమిటో మాత్రం చెప్పరు.

ఈ వ్యాసంలో నా వాదన ఇది. మన ఉన్నత విద్యలో క్రెడిట్ అనే నాణేన్ని ముద్రించారు. దాని విలువ ఎంతో విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పలేదు. దాన్ని పుచ్చుకోవాల్సిన బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. ఈ రెండు లోపాలూ సరిదిద్దేదాకా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనేది వేసుకోవడానికే తప్ప తీసుకోవడానికి వీల్లేని ఖాతా. నష్టపోయేది బ్యాంకు కాదు, ఖాతాదారు.

కోడు ఏం చెప్పాలి, ఏం చెబుతోంది

ముందు కోడు సంగతి. కోర్సు కోడులో సాధారణంగా రెండు భాగాలుంటాయి. అక్షరాలు ఏ శాఖో చెబుతాయి. అంకెలు ఏ స్థాయో చెప్పాలి. యూజీసీ 2022 డిసెంబర్‌లో విడుదల చేసిన అండర్‌గ్రాడ్యుయేట్ కరికులమ్, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఈ అంకెలకు ఒక వరుస ఇచ్చింది. 0 నుంచి 99 వరకు ముందస్తు అర్హత కోసం చదివేవి, వీటికి క్రెడిట్ లేదు. 100 నుంచి 199 పునాది కోర్సులు. 200 శ్రేణి మధ్యస్థాయి. 300 శ్రేణి మేజర్ సబ్జెక్టులో పై స్థాయి. 400 శ్రేణి అడ్వాన్స్‌డ్. 500, 600 శ్రేణులు పీజీకి, 700 పైన పరిశోధనకు.

ఇది మంచి ఆలోచన. ఇంటి నంబరు చూడగానే ఏ వీధో తెలిసినట్టు, 300 చూడగానే 'దీనికి ముందు 100, 200 చదివి ఉండాలి' అని తెలియాలి. చిక్కేమిటంటే, పాత ఇళ్ల నంబర్లు ఎవరూ మార్చలేదు.

మనందరికీ చేతికి దగ్గరగా ఉండే ఉదాహరణ ఇగ్నో మెటీరియల్. పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు ఎంపీఎస్ 001 చదవకుండా ఉండరు. అది ఎం.ఏ. కోర్సు, రాజనీతి సిద్ధాంతం. అదే ఇగ్నోలో బీపీఎస్‌సీ 131 బి.ఏ. విద్యార్థులకు అదే సిద్ధాంతానికి పరిచయం. ఇప్పుడు యూజీసీ వరుసలో చూడండి. 131 పునాది కోర్సు, సరిపోయింది. 001 మాత్రం క్రెడిట్ కూడా లేని ముందస్తు కోర్సు కిందికి వస్తుంది! తప్పు ఇగ్నోది కాదు. ఆ కోడ్లు యూజీసీ వరుస కంటే ఎంతో పాతవి. కానీ ఒక యూనివర్సిటీ కోడును ఇంకో యూనివర్సిటీ కౌంటర్ దగ్గర చదివే గుమాస్తాకు ఈ చరిత్ర తెలియదు. ఆయన ముందున్నది అంకె మాత్రమే.

దీనికి పూర్తిగా భిన్నమైన సంప్రదాయం మన దగ్గరే ఉంది. మీ స్టడీ సర్కిల్లో ఏజీ బీఎస్సీ చదివినవాళ్లు ఉంటే అడగండి. వాళ్ల సిలబస్‌లో కోర్సు పేరు పక్కన 3 (2+1) అని ఉంటుంది. మొత్తం 3 క్రెడిట్లు, అందులో 2 థియరీ, 1 ప్రాక్టికల్. అమెరికా ల్యాండ్ గ్రాంట్ కాలేజీల నమూనాలో 1960లో పంత్‌నగర్‌లో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఆర్ట్స్, సైన్స్ డిగ్రీ కాలేజీలకు క్రెడిట్ అనే మాట కొత్తగా వినిపించిన 2015 నాటికి వ్యవసాయ విద్యలో అది పాత మాట. ఇంజినీరింగ్‌లో కూడా లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలను మూడు అంకెలుగా విడదీసి వేస్తారు. అంటే మనకు చేతకాక కాదు. వ్యవసాయం, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు చెప్పే లెక్క, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ. చదివే పిల్లలకు చెప్పాలని ఎవరూ అనుకోలేదు.

ఒక గంట, కానీ ఎవరి గంట?

ఇప్పుడు క్రెడిట్ లెక్క. చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్‌లో యూజీసీ ఇచ్చిన నిర్వచనం సులువు. వారానికి ఒక గంట లెక్చర్ లేదా ట్యుటోరియల్ అయితే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలకు ఒక క్రెడిట్. సెమిస్టర్‌కు 15 వారాలు వేసుకుంటే ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, లేదా 30 గంటల ల్యాబ్. ఇక్కడ కొలిచేది టీచర్ క్లాసులో ఉన్న సమయాన్ని.

2023 ఏప్రిల్‌లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కొలబద్ద మార్చింది. ఏడాదికి 1200 'నోషనల్' గంటలు, 40 క్రెడిట్లు. అంటే ఒక క్రెడిట్‌కి 30 గంటలు. నోషనల్ అంటే లెక్క కోసం అనుకున్న గంటలు. పాఠం, ల్యాబ్, సొంతంగా చదవడం, అసైన్‌మెంట్, ప్రాజెక్టు, పరీక్ష అన్నీ కలిపి ఒక సగటు విద్యార్థికి పట్టే సమయం. ఇక్కడ కొలిచేది విద్యార్థి శ్రమను. నిజానికి ఇది ఇగ్నోకి కొత్త కాదు. దూరవిద్యలో క్లాసు గంట ఉండదు కాబట్టి ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని వాళ్లు ఎప్పటినుంచో లెక్క వేస్తున్నారు.

రెండు కొలతలూ కలిపి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. థియరీ కోర్సులో క్రెడిట్‌కు 15 గంటలు క్లాసులో జరిగితే, మిగతా 15 గంటలు క్లాసు బయట జరగాలి. 120 క్రెడిట్లకు 3600 గంటలు. అన్నీ థియరీయే అనుకుంటే అందులో సగం, అంటే 1800 గంటలు, విద్యార్థి తనంతట తాను చదవాలి. ఆ 1800 గంటలు ఎక్కడ చదవాలి? సాయంత్రం నాలుగున్నరకు తాళం పడే లైబ్రరీలోనా? తిరుగు బస్సు కోసం చివరి పీరియడ్ వదిలేసి పరిగెత్తే పిల్లవాడు ఏ వేళ చదవాలి? అసైన్‌మెంట్ దిద్దాల్సిన పోస్టు ఖాళీగా ఉన్న చోట, ఆ పని గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చి పీరియడ్ లెక్కన డబ్బు కట్టే చోట, దిద్దిన గంటలకు జీతం ఎవరిస్తారు?

ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్లు కాగితం మీద గంటలు రెట్టింపు చేశారు. ఆ గంటలు నిజంగా గడవడానికి కావలసిన గది, పుస్తకం, మాస్టారు రెట్టింపు కాలేదు. నోషనల్ గంట నిజంగానే ఊహలో గంటగా మిగిలిపోయే ప్రమాదం ఇక్కడ ఉంది.

120 అనే అంకె ఊరికో విలువ

మనది అంతర్జాతీయ స్థాయి క్రెడిట్ విధానం అని మీ నోట్సులో ఎక్కడో రాసి ఉంటుంది. ఒకసారి ఆ 120ని పట్టుకుని నాలుగు దేశాలు తిరిగి వద్దాం.

అమెరికాలో ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అవర్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటలు క్లాసు బయట పని. మొత్తం 45 గంటలు. అక్కడ బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, నాలుగేళ్లు. అంటే 5400 గంటలు.

శ్రీలంక అర్హతల ఫ్రేమ్‌వర్క్‌లో ఒక క్రెడిట్‌కి 50 నోషనల్ గంటలు, ఏడాదికి 30 క్రెడిట్లు. అక్కడ 120 క్రెడిట్లంటే నాలుగేళ్ల ఆనర్స్, 6000 గంటలు.

బ్రిటన్‌లో ఒక క్రెడిట్‌కి 10 గంటలు. అక్కడ 120 క్రెడిట్లంటే ఒక్క ఏడాది. ఆనర్స్ డిగ్రీకి 360 కావాలి.

మన దగ్గర 120 అంటే మూడేళ్లు, 3600 గంటలు.

అంకె ఒకటే. ఒక చోట ఏడాది, ఒక చోట మూడేళ్లు, రెండు చోట్ల నాలుగేళ్లు. యూరప్‌లో అయితే ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటలు. మన పక్కనే ఉన్న ద్వీపానికీ మనకీ మధ్య కూడా క్రెడిట్‌కు 20 గంటల తేడా ఉంది. ఇందులో ఏదీ తప్పు కాదు. కిలోమీటరు, మైలు రెండూ దూరాలే. అయితే మైలు రాయి మీద కొలత పేరు రాయకుండా అంకె మాత్రమే రాస్తే బాటసారి మోసపోతాడు. మన మెమోల మీద జరుగుతున్నది అదే.

అమెరికా లెక్క పక్కన మన లెక్క పెట్టి మళ్లీ చూడండి. క్లాసు గంట అక్కడా ఒకటే, ఇక్కడా ఒకటే. తేడా అంతా క్లాసు బయట ఉంది. వాళ్లు ఒక పాఠానికి రెండు గంటల సొంత పని అడుగుతారు, మనం ఒక గంట అడుగుతాం. తెలుగు ఇళ్లనుంచి మాస్టర్స్‌కి అమెరికా వెళ్లే పిల్లల్లో బీటెక్ చదివినవాళ్లకు దారి సాఫీగా ఉండి, మూడేళ్ల బీఎస్సీ చదివినవాళ్లను కొన్ని యూనివర్సిటీలు ఇంకో ఏడాది చదువు చూపించమనడానికి వెనక ఉన్నది ఏళ్ల లెక్క, గంటల లెక్క. 'మా అబ్బాయికి 120 క్రెడిట్లు ఉన్నాయి కదా' అన్న తండ్రికి ఈ తేడా ముందే చెప్పాల్సింది కాలేజీ. అప్లికేషన్ ఫీజు కట్టాక కన్సల్టెన్సీ చెప్పడం కాదు.

పింఛను లెక్కలోంచి పుట్టిన కొలత

క్రెడిట్ గంటకు మనం ఇచ్చే గౌరవం కాస్త తగ్గడానికి దాని పుట్టుక తెలియడం మంచిది. ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో 1905లో అమెరికాలో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. దాని మొదటి పని కాలేజీ ప్రొఫెసర్లకు పింఛన్లు ఇవ్వడం. ఏది కాలేజీ, ఏది కాదు అని తేల్చుకోవడానికి ఆ ఫౌండేషన్‌కి ఒక గీటురాయి కావాలి. హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవాళ్లనే చేర్చుకునే సంస్థ కాలేజీ అన్నారు. ఒక యూనిట్ అంటే ఒక సబ్జెక్టులో ఏడాదికి 120 గంటలు. పింఛను కోసం కాలేజీలన్నీ ఆ కొలతలోకి వచ్చాయి. కాలేజీ చదువుకి క్రెడిట్ అవర్ కూడా ఆ గాలిలోనే పెరిగింది.

నూరేళ్లు దాటాక, 2015లో, అదే ఫౌండేషన్ తన కొలతను తానే పరిశీలించి, అది విద్యార్థి ఎంత నేర్చుకున్నాడో కొలవడానికి తయారుచేసింది కాదని స్పష్టంగా చెప్పింది. అది కొలిచేది సమయాన్ని. ఆ సమయంలో నేర్చుకునే అవకాశం దొరికిందని మాత్రమే అది చెబుతుంది.

అందుకే క్రెడిట్‌ని తీసి పారేయమని నేను అనడం లేదు. సమయం కూడా విలువైనదే. పేదవాడి దగ్గర ఉన్న పెట్టుబడి చాలాసార్లు అదొక్కటే. దాన్ని కొలిచేవాడు నిజాయితీగా కొలవాలి, కొలిచినదానికి రసీదు ఇవ్వాలి, ఆ రసీదు చెల్లాలి. నా పేచీ ఈ మూడో దగ్గర.

చెల్లని రసీదు

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు 2021 జూలైలో వచ్చాయి. విద్యార్థికి ఒక ఐడీ, అందులో క్రెడిట్లు జమ, గరిష్ఠంగా ఏడేళ్ల చెల్లుబాటు. క్రెడిట్లు విద్యార్థి వేయలేడు, సంస్థే వేయాలి. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. ఇవి మీకు తెలిసినవే.

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకోండి. అనంతపురం జిల్లాలో ఒక కాలేజీలో రెండేళ్లు చదివి 80 క్రెడిట్లు సంపాదించింది. పెళ్లయి హైదరాబాద్ వచ్చింది. మూడో ఏడాది ఇక్కడి యూనివర్సిటీ పరిధిలో పూర్తి చేయాలనుకుంది. ఈ పథకం ఎవరికోసమైనా పెట్టారంటే ఇలాంటి అమ్మాయి కోసమే అనుకోవాలి.

మొదటి లెక్క. 120లో సగం కొత్త సంస్థలోనే సంపాదించాలి కాబట్టి, తెచ్చిన 80లో గరిష్ఠంగా 60 వాడుకోగలదు. 20 క్రెడిట్లు, అంటే ఒక సెమిస్టర్ చదువు, 600 గంటలు, ఏ తప్పూ చేయకుండానే పోయాయి. ఖాతాలో కనబడతాయి, పనికిరావు.

రెండో లెక్క ఇంకా కఠినం. ఆ 60 కూడా తీసుకుంటారన్న హామీ లేదు. కొత్త యూనివర్సిటీ సిలబస్ పోలుస్తుంది. అక్కడి రెండో సెమిస్టర్ పేపర్ ఇక్కడ నాలుగో సెమిస్టర్లో ఉండొచ్చు. అక్కడి కోడు ఇక్కడి కోడుకి కుదరదు. మూడో ఏడాదిలో సీటు ఖాళీ ఉండాలి. ఈక్వివలెన్స్ కమిటీ కూర్చోవాలి. ఎప్పుడు కూర్చుంటుందో చెప్పేవాళ్లు లేరు. ఈలోగా అడ్మిషన్ గడువు దాటుతుంది. ఆ అమ్మాయి మళ్లీ మొదటి సంవత్సరంలో చేరుతుంది, లేదా చదువు మానేస్తుంది. రెండోదే ఎక్కువ జరగడానికి అవకాశం ఉంది అని చెప్పడానికి సర్వే అక్కర్లేదు, మన ఇళ్లు చూస్తే చాలు.

'సరే, ఎగ్జిట్ తీసుకోవచ్చు కదా, డిప్లొమా వస్తుంది' అంటారు. వస్తుంది, అదీ వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తి చేస్తే. ఆ డిప్లొమా ఎక్కడ చూపించాలి? సివిల్స్‌కు డిగ్రీ కావాలి. మన గ్రూప్ 1, గ్రూప్ 2కీ డిగ్రీయే కావాలి. బయటికి పోయే తలుపు చేసినవాళ్లు, ఆ తలుపు అవతల ఏముందో కట్టడం మరిచిపోయారు. చదువు మానేసిన పిల్లను 'డ్రాపౌట్' అనేవాళ్లం. ఇప్పుడు 'ఎగ్జిట్' అంటున్నాం. ఆమె చేతిలో కాగితం వచ్చింది, ఆ కాగితానికి కొనేవాడు రాలేదు.

కేంద్రం చేయాల్సిన పని వదిలి

ఇక్కడ సమాఖ్య కోణం ఉంది, ఆన్సర్లో తప్పకుండా పట్టుకోండి. యూనివర్సిటీల ఏర్పాటు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. విద్య 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, 25వ అంశంగా వచ్చింది. ఉన్నత విద్యలో ప్రమాణాల నిర్ణయం, సమన్వయం కేంద్ర జాబితాలో 66వ అంశం. యూజీసీ నిలబడ్డది ఈ 66 మీదనే.

సమన్వయం అంటే ఏమిటి? ఒక యూనివర్సిటీ క్రెడిట్‌ని ఇంకో యూనివర్సిటీ అర్థం చేసుకుని, గౌరవించేలా చేయడమే కదా. రాష్ట్రాలు ఒంటరిగా చేయలేని పని ఇది ఒక్కటి. కానీ పోట్లాట అంతా డిగ్రీ మూడేళ్లా, నాలుగేళ్లా అన్న దాని చుట్టూ నడిచింది. ఢిల్లీ యూనివర్సిటీ 2013లో నాలుగేళ్ల డిగ్రీ తెచ్చింది, 2014 జూన్‌లో వెనక్కి తీసుకుంది. కర్ణాటక 2021లో కొత్త విధానంలోకి వెళ్లింది, 2024లో మూడేళ్ల డిగ్రీకి తిరిగి వచ్చింది. ఎవరిది సరైన నిర్ణయమో వాదించుకోవచ్చు. మధ్యలో చేరిన బ్యాచ్ పిల్లలు మాత్రం రెండు లెక్కల మధ్య చిక్కుకున్నారు. మూడేళ్లయినా నాలుగేళ్లయినా రాష్ట్రం ఇష్టానికి వదిలేసి, ఒక క్రెడిట్ అంటే ఇంత, దాన్ని ఇలా పుచ్చుకోవాలి అన్నది మాత్రం దేశమంతా ఒప్పించి ఉంటే, ఈ గొడవలో ఏ విద్యార్థీ ఒక్క గంట కూడా పోగొట్టుకునేవాడు కాదు.

ఎదురు వాదనలు

మొదటిది: 'ఇదంతా విదేశీ సరుకు, పాత వార్షిక పరీక్షే మేలు.' పాత పద్ధతి బంగారం ఏమీ కాదు. 1948లో నియమించిన రాధాకృష్ణన్ కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షల సంస్కరణ అనే చెబుతామంది. ఆ కమిషన్ అధ్యక్షుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడిగా పనిచేసినవాడు, మన పరీక్షలు దగ్గరగా చూసినవాడు. ఏడాది చదువు మూడు గంటల పేపర్ మీద వేలాడే రోజులకంటే, పాసైనది పాసైనట్టు నిలిచే క్రెడిట్ మేలే. ఆ మేలు యూనివర్సిటీ గేటు దాటగానే ఆవిరి కాకూడదు అన్నదే నా మాట.

రెండోది గట్టి వాదన: 'ఎక్కడ పడితే అక్కడ సంపాదించిన క్రెడిట్లు తీసుకోమంటే ప్రమాణాలు పడిపోతాయి, స్వయంప్రతిపత్తి పోతుంది.' ఈ భయాన్ని కొట్టిపారేయలేం. నాసిరకం కాలేజీ 4 క్రెడిట్లూ మంచి కాలేజీ 4 క్రెడిట్లూ ఒకటి కావు. కానీ దీనికి జవాబు ఎప్పుడో కనిపెట్టారు. 1997 లిస్బన్ రికగ్నిషన్ ఒప్పందంలో యూరప్ దేశాలు పెట్టుకున్న సూత్రం ఇది: గణనీయమైన తేడా ఉందని చూపగలిగితే తప్ప అవతలి అర్హతను గుర్తించాలి. తేడా ఉందని చూపాల్సిన భారం కాదన్న సంస్థది. మన దగ్గర భారం ఎవరి మీద ఉంది? సిలబస్ కాపీలు జిరాక్స్ తీయించి, ప్రతి పేజీ మీద ప్రిన్సిపాల్ ముద్ర వేయించుకుని, కౌంటర్ దగ్గర నిలబడ్డ విద్యార్థి మీద. ఈ భారం ఇటునుంచి అటు మారిస్తే చాలు. యూనివర్సిటీ కాదనే హక్కు పోదు. ఎందుకు కాదంటోందో చెప్పక తప్పదు, అంతే.

మూడోది: 'పిల్లలకు ఇవన్నీ ఎందుకు, పాసైతే చాలదా?' ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్న పిల్లవాడికి చాలవచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే ఏమిటో చెప్పే మామయ్యో బాబాయో ఉంటాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు ఎవరున్నారు? సమాచారం దాచిపెట్టిన చోట నష్టం అందరికీ సమానంగా పడదు. ఎప్పుడూ కిందివాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. ఏ సంక్షేమ పథకం గురించి అయినా మనం రాసే ఈ వాక్యం, క్రెడిట్ విషయంలోనూ నిజమే.

ఏం చేయాలి

ఒకటి. ప్రతి మెమో మీద, ప్రతి సిలబస్ మీద క్రెడిట్ పక్కన గంటలు విడదీసి వేయాలి. పాఠం ఎంత, ప్రాక్టికల్ ఎంత, సొంత చదువు ఎంత. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు బ్రాకెట్లో చేస్తున్న పనే, ఇంకో అంకె చేర్చి. దీనికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

రెండు. పాత కోడు పక్కన యూజీసీ వరుసలో దాని స్థాయి ముద్రించాలి. కోడ్లన్నీ ఒక్క రోజులో మార్చలేకపోయినా, స్థాయి ఏమిటో రాయడానికి అడ్డేమీ లేదు.

మూడు. క్రెడిట్ బదిలీ దరఖాస్తుకు గడువు పెట్టాలి. 30 రోజుల్లో నిర్ణయం, కాదంటే రాతపూర్వక కారణం, దాని మీద అప్పీలు. పౌర సేవల హక్కు చట్టాల గురించి మనం చదివేది ఇలాంటి చోట వాడడానికే. సగం క్రెడిట్ల నిబంధన ఊరు మారక తప్పనివాళ్లకు సడలించాలి.

నాలుగు. ఎగ్జిట్ సర్టిఫికెట్, డిప్లొమా ఏ ఉద్యోగాలకు అర్హతో ప్రభుత్వాలు తమ నోటిఫికేషన్లలో ముందు తామే రాయాలి. రాయడం ఇష్టం లేకపోతే, అడ్మిషన్ రోజునే విద్యార్థికి ఆ మాట చెప్పాలి.

అయిదు. నోషనల్ గంటలు లెక్క పెట్టిన ప్రతి కాలేజీలో ఆ గంటలకు చోటు చూపించాలి. లైబ్రరీ వేళలు, దిద్దిన అసైన్‌మెంట్లు, నింపిన పోస్టులు. ఇవి లేని చోట 30 గంటలకు క్రెడిట్ ఇవ్వడం, తూకం రాయి లేకుండా తూచడమే.

ఆల్ ఇండియా సర్వే ఆన్ హయ్యర్ ఎడ్యుకేషన్ 2021-22 లెక్కలో దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవాళ్లు దాదాపు 4.33 కోట్లు. ఇంతమంది చేతుల్లో తిరిగే నాణెం ఇది. కరెన్సీ నోటు మీద విలువ రాయకుండా ముద్రిస్తే రిజర్వు బ్యాంకును నిలదీస్తాం. పుచ్చుకోననే దుకాణదారుడితో పోట్లాడతాం. మూడేళ్ల యౌవనాన్ని మార్చి తెచ్చుకున్న నాణెం విషయంలో అంతకంటే తక్కువ అడగడానికి కారణం ఏమీ లేదు. రేపు మీలో ఎవరో ఒకరు ఉన్నత విద్యాశాఖ ఫైలు ముందు కూర్చుంటారు. అప్పుడు ఆ నోట్‌షీట్ మీద 'ఎంతమంది ఐడీలు తెరిచారు' అన్న అంకె తప్పకుండా ఉంటుంది. 'ఎంతమంది క్రెడిట్లు ఇంకో చోట చెల్లాయి' అన్న అంకె అడగండి.

ప్రాక్టీస్ ప్రశ్న: 'క్రెడిట్ల నిల్వ కంటే క్రెడిట్ల గుర్తింపే ఉన్నత విద్యలో సమానత్వానికి కీలకం.' అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నేపథ్యంలో, సమాఖ్య అధికారాల పంపిణీని దృష్టిలో పెట్టుకుని విమర్శనాత్మకంగా పరిశీలించండి. 250 పదాలు, 15 మార్కులు.